కులసుం తిట్లు తిన్న బుధవారం

జహీరాబాద్‌లో కులసుం బీ ఇంట్లోంచి అడుగు బయటపెడితే చేతిలో సంచి ఉండాల్సిందే. పచ్చరంగు గుడ్డ సంచి. దాని మీద ఏదో బట్టల దుకాణం పేరు సగం చెరిగిపోయి ఉంటుంది. పోయేటప్పుడూ అది ఖాళీయే, వచ్చేటప్పుడూ చాలాసార్లు ఖాళీయే. మరి మోయడం దేనికంటారా? గల్లీ మొదట్లో రామ్‌కిషన్ సేటు కిరాణా దుకాణం ఉంది కనుక.

రామ్‌కిషన్ సేటు చెడ్డవాడేం కాదు. దుకాణం ముందు నుంచి ఎవరు పోయినా "ఏడికి?" అని అడగకపోతే ఆయనకు తిన్నది అరగదు, అంతే. మగవాళ్లయితే "గిట్లనే" అని చెయ్యి ఊపి సాగిపోతారు. అదే మాట ఆడమనిషి అన్నదనుకోండి, సాయంత్రమయ్యేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలుస్తాయి. ఎవరింటికి పోయింది, ఎందుకు పోయింది, మొగుడితో ఏమైనా మాటా మాటా వచ్చిందా అని నలుగురూ నాలుగు రకాలుగా అల్లుతారు. సంచి కనబడితే మాత్రం సేటు తనంతట తనే "కూరగాయలకా?" అనుకుని తరాజు వైపు తిరుగుతాడు. అందుకని జవాబు చెప్పే పనిని కులసుం ఆ సంచికి అప్పగించింది.

ఆమె చేసేది చీరలకు ఫాల్ కుట్టడం, పికో చెయ్యడం. ఇంటి ముందు గదిలో మెషీన్. పెళ్లయిన కొత్తలో కూర్చున్న ఆ కుర్చీలో, కొడుకు తౌసీఫ్‌కు పెళ్లయి కోడలు మెహ్రీన్ ఇంటికి వచ్చేదాకా కూర్చునే ఉంది. ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్ల చీరల అంచులు ఆమె చేతి మీదుగానే పోయాయి. చీరలు పెళ్లిళ్లకు పోతుంటే కులసుం కుర్చీలోనే మిగిలింది. దాంతో సాయంత్రానికి కాళ్లు ఉబ్బడం మొదలైంది. దవాఖానకు పోతే షుగర్ అన్నారు.

"రోజూ నడవాలమ్మా," అంది డాక్టరమ్మ.

"ఏడ నడవాలె మేడం?"

"ఎక్కడైనా నడవండి."

ఎక్కడైనా అనే ఆ చోటు జహీరాబాద్‌లో ఎక్కడుందో డాక్టరమ్మ చెప్పలేదు. హైవే మీద నడుద్దామంటే బొంబాయి పోయే లారీలు. బస్టాండు రోడ్డు మీద ఝరాసంగం ఆటోలు, వాటిలోంచి బయటికి వేలాడే కాళ్లు, మూటలు. చివరికి ఇంటి మిద్దె మీద నడిచింది. రెండు రోజులు కాకముందే మెహ్రీన్ మెల్లగా పైకి వచ్చి, "అమ్మీ, కింద పంఖా ఊగుతున్నది," అని చెప్పిపోయింది. పంఖా ఊగిందో లేదో గాని, కులసుం మనసు నొచ్చుకుంది.

ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూయే అయినా, మొగుడు జబ్బార్ మీద కోపం వస్తే మాత్రం కులసుం తెలుగులోకి దిగుతుంది. పక్కింటి లక్ష్మమ్మకు అర్థం కావాలి కదా. జబ్బార్‌ది మోటారు వైండింగు దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి చుట్టి ఆయనకు ఓపిక బాగా అబ్బింది. పెళ్లాం తెలుగులో మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చుని పూర్తిగా వింటాడు.

లక్ష్మమ్మ వాళ్లది కర్ణాటక సరిహద్దు ఊరు. భర్త చెన్నబసప్పకు అల్లం వ్యాపారం. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఆమెకూ నడవమనే చెప్పారు, ఆమెకూ ఒక సంచి ఉంది. ఒకరోజు పొద్దున రైల్వే గేటు దగ్గర ఖాళీ సంచితో ఈవిడ, ఖాళీ సంచితో ఆవిడ ఎదురుపడ్డారు. ఒకరి సంచి వైపు ఒకరు చూసుకున్నారు. ఇక అక్కడే నిలబడి నవ్వుతుంటే, గేటు తీసినా కదలరేమని వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారు. ఆనాటి నుంచి ఇద్దరూ జోడీ.

ఇప్పుడు పార్కు సంగతి చెప్పాలి. గుల్జార్ కాలనీలో ఒక పార్కు ఉంది. ఉందంటే ఉంది, గోడ బయటి నుంచి చూడ్డానికి. లోపల చుట్టూ బాట, నాలుగు బెంచీలు, ఒక ఉయ్యాల, నడుమ పచ్చటి గడ్డి. గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ శంకరప్ప మొలతాడుకు. రోజూ పొద్దున ఆయన లోపలికి పోయి గడ్డికి నీళ్లు పెట్టి, బయటికొచ్చి తాళం వేసుకుంటాడు. పంద్రాగస్టుకు, ఛబ్బీస్ జనవరికి జెండా ఎగరేసేటప్పుడు తెరుస్తారు, మిఠాయి పంచగానే మూస్తారు. గడ్డి నడుమ ఒక బోర్డు కూడా ఉంది, 'గడ్డి మీద నడవరాదు' అని. తాళం వేసిన గేటు లోపల ఆ బోర్డు ఎవరికోసం పాతారో పాతినవాళ్లకే తెలియాలి.

పార్కును చూసుకునేది కాలనీ పార్కు కమిటీ. దాని అధ్యక్షుడు రిటైరయిన ఇంజనీరు సుదర్శన్. కులసుం, లక్ష్మమ్మ సంచులతో సహా ఆయన ఇంటికి పోయారు. మొదటిసారి ఆయన పూజలో ఉన్నాడు. రెండోసారి ఊళ్లో లేడు. మూడోసారి గేటు దగ్గరే దొరికాడు.

"పార్కుకు ఎవరూ రారమ్మా," అన్నాడాయన. "రానిదానికి తాళం తియ్యడం దేనికి?"

"తాళం తీస్తే గద సార్ వచ్చేది," అంది కులసుం.

"వస్తే గదమ్మా తీసేది!"

లక్ష్మమ్మ "అయ్యో శివనే" అనుకుంది. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు. కమిటీవాళ్లంతా ఆ జాగాలో ఫంక్షన్ హాలు కడదామంటున్నారట. ఎవరూ వాడని జాగా ఉత్తగా పడి ఉండడం దేనికని వాళ్ల వాదన. వచ్చే వారం కాక ఆపై వారం, గురువారం నాడు మీటింగు. ఆ రోజు చేతులెత్తితే అయిపోయినట్టే.

కులసుం ఇంటికొచ్చి మెషీన్ ముందు కూర్చుంది గాని కాలు ఆడలేదు. కాసేపటికి గోడ మీదుగా లక్ష్మమ్మను పిలిచింది.

"లక్ష్మక్కా, ఒక్క మాట అడుగుత. పుట్టినకాంచి ఏ పని లేకుంట ఎన్నడన్న నడిచినవా? కూరకు గాదు, దవాఖానకు గాదు, పెండ్లికి గాదు. ఉత్తగనే?"

లక్ష్మమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "నీళ్లకు పోయిన, చేనుకు పోయిన, జాతరకు పోయిన... ఉత్తగనే అంటే ఏమో, యాదికి వస్తలేదు."

"నాకు యాదున్నది. చహార్‌షంబా నాడు మా అబ్బా తీస్కపోతుండె."

సఫర్ నెలలో ఆఖరి బుధవారాన్ని ఆఖ్రీ చహార్‌షంబా అంటారు. ఆ రోజు పొద్దున్నే తలంటి పోసుకుని, గోధుమపిండి బెల్లంతో గుల్‌గులే వండుకుని, పచ్చగడ్డి ఎక్కడుంటే అక్కడికి పోయి, చెప్పులు విడిచి గడ్డి తొక్కి రావడం దక్కన్ ముసల్మానుల ఇళ్లల్లో పెద్దల నాటి రివాజు. కులసుం చిన్నప్పుడు వాళ్ల నాన్న పిల్లలందరినీ వెంటేసుకుని మొగుడంపల్లి దారిలో చెలకల గట్ల మీదికి తీసుకుపోయేవాడు. అక్కడ చేసే పనేమీ లేదు, నడవడమే. తడి గడ్డి పాదాలకు తగిలి చక్కిలిగింతలు పెడుతుంటే నవ్వడమే.

ఇప్పుడా గట్లన్నీ ప్లాట్లయ్యాయి. కిందటేడు కులసుం గడ్డి కోసం ఎంతకు దిగిందంటే, మేకలకు గడ్డి అమ్మే అనంతమ్మ దగ్గర ఒక మోపు కొని, మిద్దె మీద పరిచి, గల్లీ ఆడవాళ్లందరినీ పిలిచి తొక్కించింది. తర్వాత ఆ గడ్డిని పక్కింటి మేకకు వేశారు. మేక ఒకసారి వాసన చూసి, వీళ్ల ముఖాలొకసారి చూసి, పక్కకు తిరిగి పడుకుంది.

తౌసీఫ్ అప్పుడప్పుడు అంటుంటాడు, "అమ్మీ, గిది మన దీన్ ధర్మంల లేదు, ఉత్త రివాజు," అని.

"నేను సవాబ్ అడిగిన్నా, పుణ్యం అడిగిన్నా బేటా? గడ్డి అడిగిన," అంటుంది కులసుం.

గోడ దగ్గర ఈ మాటలు నడుస్తుండగానే ఆమెకు తళుక్కున తట్టింది. చహార్‌షంబా దగ్గరికొస్తున్నది కదా! ఆ రోజు గడ్డి కోసం ఊరంతా వెతుక్కుంటుంది. పార్కు గేటొక్కటి తీస్తే చాలు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మరునాడే సుదర్శన్ ఇంటికి పోయింది.

"సార్, ఒక్కదినం గేటు తీయిండ్రి. నేను చెప్పిన దినం. మనుషులొస్తరా రారా, మీ కండ్లతోని చూడుండ్రి."

సుదర్శన్ మొండివాడే గాని అన్యాయపు మనిషి కాదు. "సరేనమ్మా. వచ్చి చూస్త. జనం వస్తే మీటింగుల నేనే చెప్త. రాకపోతే మళ్లీ నా గేటు తట్టొద్దు," అన్నాడు. ఏ రోజో చెప్పమన్నాడు.

కులసుం ఇంటి గోడకు హైదరాబాద్ నుంచి తెప్పించిన ఉర్దూ క్యాలెండర్ ఉంటుంది. దాన్ని చూసే బయల్దేరింది. సఫర్‌లో ఆఖరి బుధవారం ఆ నెల ముప్పయ్యో తారీఖు మీద పడింది, సరిగ్గా మీటింగుకు ముందురోజు. "మీ మీటింగుకు ముంగటి బుధవారం సార్," అని ఖాయం చేసి వచ్చింది.

జబ్బార్ విని, టీ గ్లాసు కింద పెట్టాడు. "ముప్పయ్యో తారీఖా? చాంద్ ఇరవై తొమ్మిదికే కనబడితే?"

ముస్లిముల నెల ఒకోసారి ముప్పై రోజులు ఉంటుంది, ఒకోసారి ఇరవై తొమ్మిదికే అయిపోతుంది. తేల్చేది నెలవంక. ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం వంక కనబడిందా, ఆ నెల అక్కడితో సరి. ఇక ముప్పయ్యో తారీఖు అనేదే ఉండదు. క్యాలెండర్ అడుగున చిన్న అక్షరాలతో ఆ మాట అచ్చేసి కూడా ఉంటుంది. చిన్న అక్షరాలను ఎవరు చదువుతారు?

"గింత మబ్బుల చాందా? దినాం వాన పడుతున్నది," అంది కులసుం. "నువ్వు ముందుగాల్నే అపశకునం మాటలు మాట్లాడకు."

చివరి మాట తెలుగులో అంది. జబ్బార్ మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

ఆ తర్వాత కులసుంను చూడాలి! ఫాల్ కోసం చీర తెచ్చిన ప్రతి మనిషికీ చీరతో పాటు పార్కు సంగతి కూడా మడిచి ఇచ్చింది. దానికి ముందటి బుధవారం వచ్చినప్పుడు కొందరు "ఇదే ఆఖరిదేమో, పోయి గడ్డి తొక్కి వద్దాం," అన్నారు. కులసుం ఒప్పుకోలేదు. "అరే, క్యాలెండర్ల చూసిన గద! ఇంకొక్క బుధవారం ఉన్నది. అందరం ఒక్కపాలి పార్కుకు పోదాం." అంత గట్టిగా చెప్పిన మనిషి మాట ఎవరు తీసేస్తారు? అందరూ ఆ బుధవారాన్ని ఇంట్లోనే గడిపేశారు.

మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం దాకా సన్నటి వాన. ఇంటింటా గుల్‌గులే కోసం బెల్లం కరిగించి పిండి కలిపి మూతలు పెట్టారు. కులసుం రెండు గిన్నెల పిండి కలిపింది. సాయంత్రం వాన ఆగింది. పడమటి దిక్కున మబ్బు, ఎవరో చీర అంచు పట్టి లాగినట్టు, పక్కకు జరిగింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయిందో లేదో, ఎదురింటి మిద్దె మీది నుంచి, కులసుంను పిన్ని వరసతో పిలిచే ఆ ఇంటి కోడలు సబ్రీన్ కేక వినబడింది.

"చాంద్! ఖాలా, చాంద్ కనబడ్డది!"

గల్లీ అంతా మిద్దెల మీదికి ఎక్కింది. ప్రవక్త పుట్టిన మీలాద్ నెల మొదలైందని ఒకరికొకరు ముబారక్‌లు చెప్పుకున్నారు. అంత చక్కటి వంకను, పిలవని వేళ మూటాముల్లెతో దిగిన చుట్టాన్ని చూసినట్టు చూసింది ఊళ్లో కులసుం ఒక్కతే.

సఫర్ అయిపోయింది. అంటే పోయిన బుధవారమే ఆఖరి బుధవారం. ఆమె మాట విని గల్లీ గల్లీ అంతా చహార్‌షంబాను పోగొట్టుకుంది. ఆ లెక్క తెలియడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. ముబారక్‌లు ముగియకముందే కులసుం గడప ముందు ఆడవాళ్లు పోగయ్యారు.

"మా అమ్మ ఝరాసంగం చెల్కలకు పోదామంటే నేనే ఆపిన ఖాలా, నీ మాట విని!" అంది సబ్రీన్, చంకలో బిడ్డతో.

"పిండి కలిపి పెట్టినం. ఇప్పుడది ఎవరి నెత్తిన పొయ్యాలె?" అని ఇంకో గొంతు.

"ఏండ్ల సంది తప్పని రివాజు, నీ క్యాలెండర్ తప్పించె!"

కులసుం గడప మీద కూలబడింది. తిట్లకు కాదు. రేపు సుదర్శన్ వస్తాడు, శంకరప్ప గేటు తీస్తాడు, లోపల ఎవరూ ఉండరు. గురువారం చేతులు లేస్తాయి, గడ్డి మీద సిమెంటు పడుతుంది. తన వల్లనే. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదే," అంది చివరికి. "ఆఖ్రీ చహార్‌షంబా పోయింది. కానీ రేపు గేటైతే తీస్తరు. రివాజు లేకున్నా మంచిదే, ఊకెనే రాండ్రి. జర మీకు దండం పెడుత."

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కోపం కాస్త తగ్గి, అంతకంటే కష్టమైనది ఒకటి వాళ్ల ముఖాల్లోకి వచ్చింది.

"ఊకెనే ఎట్ల వస్తం ఖాలా?" అంది సబ్రీన్ మెల్లగా. "ఇంట్ల అడిగితే ఏం చెప్పాలె? చహార్‌షంబా అంటే పోనిస్తరు. ఉత్తగనే పార్కుకు అంటే, మా అత్త నా మొఖం చూస్తది."

అందరికీ ఒక అత్తో, ఒక మొగుడో, ఒక రామ్‌కిషన్ సేటో ఉన్నారు. కులసుంకు ఆ మాట బాగా తెలుసు. పచ్చ సంచి లోపల గోడకు వేలాడుతూనే ఉంది.

గోడ అవతలి నుంచి ఇదంతా వింటున్న లక్ష్మమ్మ కొంగు బిగించి వచ్చింది. "ఏందమ్మా ఈ లొల్లి? గీ ఇరుకు గడపల నిలబడి కులసుంను తిడితే ఏం బాగుంటది? తిట్టేదేదో రేపు పార్కుల కూసొని సక్కగ తిట్టున్రి. జాగ ఉన్నది, గాలి ఉన్నది. పిండి ఎట్లనో కలిపిన్రు, గుల్‌గులే గూడ తెచ్చుకోన్రి. తిట్టి తిట్టి ఆకలైతది."

ఒకరిద్దరు నవ్వారు. కులసుం కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"లక్ష్మక్క మాట సచ్! ఇంట్ల అడిగితే, కులసుంను తిట్టనీకి పోతున్నమని చెప్పున్రి. ఎవరన్న వద్దంటే నన్ను అడుగున్రి!"

ఇక ఆ సాయంత్రం ఆమె చేసిన పని ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఇంటింటికీ పోయి గడపలో నిలబడి, "రేపు పొద్దుగాల పార్కుకు వచ్చి నన్ను తిట్టున్రి," అని పిలుపులు చెప్పింది. అత్తగార్లకు ఆ పిలుపు ఎంత నచ్చిందో చెప్పలేం. "జరూర్ పో. నా తరఫున గూడ రెండు మాటలు అను," అని కోడలికి చెప్పిన ఇల్లు కూడా ఒకటి ఉంది.

పిలిచిందే గాని, బుధవారం పొద్దున గేటు దగ్గర నిలబడ్డప్పుడు కులసుం చూపు మాటిమాటికీ దారి వైపే పోయింది. శంకరప్ప తాళం తీశాడు. లోపల బాట తడిగా ఉంది. ఆమె, లక్ష్మమ్మ, శంకరప్ప. అంతే. కాసేపటికి సుదర్శన్ స్కూటీ మీద వచ్చాడు. ఖాళీ బెంచీలు చూశాడు, చేతి గడియారం చూశాడు.

"ఏదమ్మా జనం?"

"వస్తరు సార్."

"వస్తరు, వస్తరు," అని లక్ష్మమ్మ కూడా అంది, దారి వైపు చూడకుండా.

ఆయన ఒక బెంచీ తుడుచుకుని కూర్చున్నాడు. ఇంకాసేపటికి లేచాడు. స్కూటీ తాళంచెవి జేబులోంచి తీశాడు. అప్పుడు మూలమలుపు అవతల ఒక గొంతు వినిపించింది, మనిషి కంటే ముందు తిట్టు వచ్చింది.

"ఏమ్మా క్యాలెండర్ ఖాలా! ఉన్నవా, పారిపోయినవా?"

సబ్రీన్. చంకలో బిడ్డ, చేతిలో స్టీలు డబ్బా. ఆమె వెనక వాళ్లమ్మ. వాళ్ల వెనక మెహ్రీన్, పంఖా సంగతి మరిచిపోయి రెండు గిన్నెల గుల్‌గులే మోసుకుంటూ. ఆ వెనక గల్లీ ఆడవాళ్లంతా. లక్ష్మమ్మ చెప్పగా అల్లం మండీ వెనక ఇళ్లవాళ్లు, చీర కొంగులు తలమీదికి లాక్కుంటూ. తిట్టడానికని చెప్పి వచ్చారు కనుక మొదట అందరూ పద్ధతిగా తిట్టారు. కులసుం చేతులు కట్టుకుని నిలబడి తిట్లు తింటూ, మధ్య మధ్య "గట్లనే, గట్లనే, ఇంకా తిట్టున్రి," అంటూ ముఖమంతా నవ్వింది. తిట్లయ్యాక డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. కబుర్లు మొదలయ్యాయి. బెంచీలు చాలలేదు.

గడ్డి మీదికి మాత్రం ఎవరూ పోలేదు. బోర్డు ఉంది కదా. అందరూ బాట మీదే సర్దుకుని కూర్చున్నారు. అంతలో సబ్రీన్ బిడ్డ, చదువు రానిది కనుక, బాట దిగి గడ్డి మీదికి బరబరా పాకిపోయింది.

"అరే, అరే!" అన్నాడు సుదర్శన్.

"నడవొద్దని రాసిన్రు సార్. పాకొద్దని రాయలే," అంది లక్ష్మమ్మ.

బిడ్డను తేవడానికి సబ్రీన్ చెప్పులు విడిచి పోయింది. పోయి, బిడ్డను ఎత్తుకుని, అక్కడే నిలబడిపోయింది. ఆమెను పిలవడానికి వాళ్లమ్మ పోయింది. ఆవిడా తిరిగి రాలేదు. ఇక ఒక్కొక్కరే చెప్పులు విడిచారు.

సుదర్శన్ కులసుం దగ్గరికొచ్చాడు. "మీ పండుగేనా ఇది? బాగానే వచ్చిన్రు."

అవును అంటే అయిపోయేది. ఎవరూ కాదనేవాళ్లు లేరు. తిట్లు తిని మరీ నిజం ఒప్పుకున్న మనిషి, ఇక్కడ అబద్ధమాడలేకపోయింది.

"కాదు సార్. పండుగ పోయిన బుధవారమే అయిపోయింది. నేనే తప్పు చెప్పిన. వీళ్లందరు నన్ను తిట్టనీకి వచ్చిన్రు."

సుదర్శన్‌కు ఏమీ అర్థం కాలేదు. గడ్డి మీద ఉన్న సబ్రీన్ తల్లిని కేకేసి అడిగాడు. "ఏమమ్మా, ఈమెను తిట్టడానికి వచ్చిన్రా?"

"అవ్ సార్."

"తిట్టడం అయ్యిందా?"

"ఎప్పుడో అయిపాయె."

"మరి ఇంకా ఎందుకున్నరు?"

ఆవిడ చుట్టూ చూసింది, జవాబు అక్కడెక్కడైనా ఉందేమోనని. తర్వాత భుజాలు వదులు చేసి అంది, "గిట్లనే సార్."

సుదర్శన్ మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. మెహ్రీన్ ఇచ్చిన గుల్‌గులా ఒకటి తిన్నాడు, ఇంకోటి తిన్నాడు. పండుగైతే ఒక్కరోజు ముచ్చట అని కొట్టిపారేసేవాడినని, పండుగ కాకున్నా వచ్చారు కనుకే ఏం చెప్పాలో తెలియడం లేదని, పోతూ పోతూ శంకరప్పతో అన్నాడట.

అప్పుడు గాని కులసుం చెప్పులు విడవలేదు. తడి గడ్డి ఉబ్బిన పాదాలకు చల్లగా తగిలింది. ఎవరి పాదమూ సోకకుండా పెరిగిన గడ్డి అది, పాదం మెత్తగా లోపలికి దిగిపోయింది. ఆమెకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి, రెండిటినీ ఆపలేదు. పక్కన లక్ష్మమ్మ మోకాళ్లు పట్టుకుంటూ నడుస్తూ, "సల్లగున్నది గదనే," అని ఒక్కటే మాట పదే పదే అంటోంది.

గురువారం మీటింగులో చేతులు లేచాయి గాని, అనుకున్నన్ని లేవలేదు. ఫంక్షన్ హాలు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. ప్రస్తుతానికి అన్న మాట సుదర్శన్ ఒత్తి పలికాడు. అంతవరకూ పొద్దునా సాయంత్రమూ గేటు తెరవాలి. బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. శంకరప్పే దాన్ని పీకి, గోడకు ఆనించి, దాని మీద తన చొక్కా ఆరేసుకున్నాడు.

"హాలు పోయింది, పార్కు మిగిలింది, నీకు తిట్లు మిగిలినయి," అన్నాడు జబ్బార్.

"తిట్లు చవుకనే పడ్డయి," అంది కులసుం, ఉర్దూలో.

మరునాడు పొద్దున ఆమె బయల్దేరింది. అలవాటు కొద్దీ చెయ్యి గోడ మేకు వైపు పోయింది. పచ్చ సంచి తగిలింది. ఒక క్షణం దాన్ని పట్టుకుని నిలబడి, మళ్లీ మేకుకే వదిలేసి గడప దిగింది. గల్లీలో నడుస్తుంటే చేతులను ఏం చెయ్యాలో తోచలేదు. ఒకసారి కొంగు పట్టుకుంది, ఒకసారి వెనక్కు కట్టుకుంది. చివరికి వదిలేస్తే అవే ఊగసాగాయి.

దుకాణం ముందు రామ్‌కిషన్ సేటు పప్పు తూస్తున్నాడు. తలెత్తి ఆమెను చూశాడు, ఆమె చేతులను చూశాడు.

"ఏడికి కులసుం బీ? సంచి మరిచిపోయినవ్."

"మరిచిపోలే సేటు."

"మరి ఏడికి?"

లక్ష్మమ్మ మలుపు దగ్గర ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఆమె చేతులూ ఖాళీయే.

"గిట్లనే," అంది కులసుం. ఆగకుండా నడిచింది.